మొదటి భాగం చూడని బాపు

సినిమాల విషయంలో నాకు కొన్ని మొండి అభిప్రాయాలున్నాయి. వాటిలో మొదటిది ఇది: తనవాళ్లకు జరిగిన అన్యాయానికి ఒక్కడే బయలుదేరి పదిమందిని చితకబాదే మనిషి కథ ఉంటుందే, దాన్ని రెండో భాగం నుంచే చూడాలి.

నేను సూరత్‌లో ఒక చీరల మార్కెట్లో ఫోన్ దగ్గర కూర్చుంటాను. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ దుకాణాల వాళ్లు ఆర్డర్లు చెబుతుంటే రాసుకుని పార్సిల్ కట్టేవాళ్లకు అందించడం నా పని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పగానే సినిమాల ముచ్చట మొదలవుతుంది. మొదటి భాగమే గొప్పది, తర్వాతవన్నీ సాగదీత అని అందరూ ఒక్కమాటగా తేల్చేస్తారు. నేను ఊరుకోను. రెండో భాగంలో ఆ మనిషి ఎవడో మనకు ముందే తెలుసు, వాడికి ఏం పోయిందో తెలుసు. వాడు మంచివాడని మనకు ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. వాడు ఎక్కడో ఊరవతల లారీ టైర్లకు పంక్చర్లు వేసుకుంటూ తలొంచుకుని బతుకుతుంటాడు. ఎవడో బుద్ధిలేనివాడు వెళ్లి వాడి జోలికి పోతాడు. ఇక చూసుకోండి. ఆ బుద్ధిలేనివాడు నోరు తెరిచినప్పుడు కలిగే సంతోషం మొదటి భాగంలో ఎక్కడిది?

ఇంత గట్టిగా వాదిస్తానుగానీ, అసలు సంగతి వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. రెండో భాగం విలువ నాకు తెరమీద తెలియలేదు. నా తొమ్మిదో తరగతి సీటు పోయిన ఏడాది, మా బాపు వల్ల తెలిసింది.

అవి వీధికొక దుకాణంలో డీవీడీలు కిరాయికి దొరికే రోజులు. మేం గోడాదరాలో ఒక గది ఇంట్లో ఉండేవాళ్లం. బాపు, అమ్మ, నేను. బాపు ఖటోదరాలో ఒక ఖాతాలో సాంచాలు నడిపేవాడు. మా వాళ్లు మరమగ్గాన్ని సాంచా అంటారు, అవి నడిచే షెడ్డును ఇక్కడివాళ్లు ఖాతా అంటారు. పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఏడింటికి పత్తి దుమ్ముతో తెల్లబడి వచ్చేవాడు. సెలవు రోజు తలంటు పోసుకుని, పలచని లాల్చీ వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని డీవీడీ దుకాణానికి నడిచేవాడు. ఆ దుకాణంవాడికి మా బాపు ఒక వింత గిరాకీ. కొత్తగా వచ్చినవి ముందుకు తోస్తే బాపు వాటిని పక్కకు నెట్టి, అట్ట మీద రెండో మూడో అంకె ఉన్నదాన్ని వెతుక్కునేవాడు. ఒకటో భాగం ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాడు కాదు.

"మొదటి దాంట్ల అంతా ముచ్చట్లే బిడ్డా. వాని పెండ్లాం మాట్లాడ్తది, తల్లి మాట్లాడ్తది, వాడు మాట్లాడ్తడు. కొట్టుడు సురు అయ్యేసరికి సగం సినిమా అయిపోతది. రెండో దాంట్ల గంత ఓపిక పట్టే పని లేదు," అనేవాడు.

ఇంటికి రాగానే మా ముగ్గురికీ ఎవరి చోటు వాళ్లకు ఉండేది. అమ్మ గోడకు ఆనుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. నేను చాప మీద. బాపు మాత్రం టీవీ పక్కనున్న స్పీకరు డబ్బాకు ఆనుకుని, పాడిగేదెను నిమిరినట్టు దానిమీద అరచేయి పెట్టుకుని కూర్చునేవాడు. తెరను సూటిగా చూడాలంటే అది మంచి చోటు కాదు, మెడ తిప్పుకోవాలి. అయినా ఆ చోటు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. గుద్దు పడ్డప్పుడల్లా "పడ్డది!" అని అరిచేవాడు. ఆ అరుపుకు పక్క గదివాళ్లు గోడ కొట్టేవాళ్లు. బాపు పట్టించుకునేవాడు కాదు.

ఇంకో విశేషం, బాపు మాకు కథ చెప్పేవాడు. తెరమీద కథ నడుస్తూనే ఉంటుంది, దానికంటే గట్టిగా బాపు ఇంకో కథ నడిపేవాడు. ఒక సినిమాలో ఆ మనిషి చచ్చిపోయిన కుర్రవాడి ఫొటో జేబులో పెట్టుకుని తిరుగుతాడు. వాడు తమ్ముడని సినిమాలో నాలుగుసార్లు చెప్పారు. బాపు మాత్రం, "గాడు వీనికి జోడీదారు. ఇద్దరు ఒక్క ఖాతల పనిచేసిండ్రు. సేఠ్ మనుషులు గాన్ని పొట్టన పెట్టుకున్నరు," అని ధీమాగా చెప్పాడు. సినిమాలో సేఠూ లేడు, ఖాతా లేదు. కాదు బాపూ, తమ్ముడు అని నేను సరిదిద్దబోతే అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. బాపు కావాలనే మమ్మల్ని ఆట పట్టిస్తున్నాడని, ఆ ఆట చెడగొట్టొద్దని అమ్మ గిల్లిందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే బాపు కథే బాగుండేది.

హిందీ డబ్బింగ్ సినిమాల మీద బాపుకు ఒకటే ఫిర్యాదు. "వీళ్ల నోర్లు అబద్ధాలాడ్తయ్," అనేవాడు. మా వీధిలో డబ్బింగ్ కాని సినిమా ఏది దొరుకుతుంది? నోరు ఒకటి కదిలేది, మాట ఇంకోటి వినబడేది. నాకూ అమ్మకూ అది పట్టేది కాదు. బాపు అలాంటి చోట తెర మీంచి చూపు తిప్పేసి, కొట్లాట కోసం స్పీకరు మీద చేయి వేసుకుని కూర్చునేవాడు.

బాపు నోళ్లను అంతగా ఎందుకు చూసేవాడో నాకు వింతగా తోచలేదు. సాంచాలు నడుస్తుంటే ఖాతాలో పక్కమనిషి గొంతు చించుకున్నా వినబడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు గొంతు వాడరు. పెదవులు కదిపి, చేతులు తిప్పి మాట్లాడుకుంటారు. నేను పుట్టకముందు అమ్మ కూడా అక్కడే కండెలు చుట్టింది కాబట్టి ఇద్దరికీ ఆ అలవాటు ఇంట్లోకి వచ్చేసింది. గదికి ఈ మూల నుంచి ఆ మూలకు చప్పుడు లేకుండా మాట్లాడుకునేవాళ్లు. నేను అక్షరాలకంటే ముందు అది నేర్చుకున్నాను. బడిలో పరీక్షలప్పుడు ఆ విద్య నాకెంత ఉపయోగపడిందో ఇప్పుడు చెప్పినా ఎవరూ మార్కులు తీసెయ్యరు కాబట్టి చెబుతున్నాను.

ఇక నా సీటు సంగతి. మా తెలుగు బడి ఎనిమిదితో ఆగిపోయేది. ఆ పైన చదవాలంటే హిందీ మీడియం హైస్కూల్లో చేరాలి. చేరినవాళ్లు కొందరు, చేరనివాళ్లు చాలామంది. చేరని ఆడపిల్లలు ఎక్కడికి పోతారో మా వీధిలో అందరికీ తెలుసు. పొద్దున్నే ముక్కుకు గుడ్డ కట్టుకుని బాబిన్లు చుట్టడానికి పోయేవాళ్లు. నాతో ఎనిమిది చదివిన ఇద్దరు అప్పటికే పోయారు. వాళ్ల జుట్టులో ఎప్పుడూ నూలు దూది ఉండేది. నేను పోనని, చదువుకుంటానని ఇంట్లో ప్రకటించాను. బాపు వెంటనే ఒప్పుకున్నాడు. నా కోసం దరఖాస్తు నింపించాడు, అది పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు కూడా కొన్నాడు.

హైస్కూల్లో పేరు ఖాయం చేసే రోజుకు నాకు ఒళ్లంతా అమ్మవారు పోసింది. వేపాకుల మధ్య పడుకుని ఉన్నాను. అమ్మ నన్ను వదిలి కదల్లేదు. బాపు తన సాంచాలను జోడీదారుకు అప్పగించి ఒక్కడే బడికి పోయాడు. గంటలో తిరిగొచ్చాడు. చేతిలో లోచో పొట్లం, అంటే ఆవిరిమీద ఉడికించిన శనగపిండి ముద్ద, దానిమీద పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఒంటిమీద పొక్కులున్న పిల్ల అవి తినొచ్చా లేదా అని కూడా ఆలోచించలేదు ఆ మనిషి.

"అయిపోయింది బిడ్డా. సంతకం గూడ పెట్టిన," అన్నాడు.

బడి తెరిచిన రోజు కొత్త యూనిఫాం వేసుకుని, రెండు జడలు వేసుకుని పోయాను. గోడమీద అంటించిన జాబితాలో నా పేరు లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. తర్వాత ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి అడిగాను. గుమాస్తా పెద్ద మీసాల మనిషి. పొగాకు, వక్క కలిపిన మావా బుగ్గన పెట్టుకుని, తల ఎత్తకుండా కాగితాలు తిరగేసి ఒకటి నాముందు పెట్టాడు. ఈ సీటు మాకు అవసరం లేదు అని గుజరాతీలో రాసి ఉంది. కింద బాపు సంతకం. బాపు తెలుగులో సంతకం చేస్తాడు, చివరి అక్షరం తోకను వెనక్కి లాగి మొత్తం పేరు కింద గీతగా మారుస్తాడు. సూరత్ మొత్తంలో అలాంటి సంతకం ఇంకొకటి ఉండదు.

అంటే బాపే మాన్పించాడు. నాతో అవునని, కవరు కొని, లోచో తినిపించి, నాకు తెలియకుండా బాబిన్లకు పంపే ఏర్పాటు చేశాడు. దారంతా ఇదే ఆలోచన. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు కోపం చాలా సులువుగా వస్తుంది, అప్పుడూ అంతే.

ఆ వారం బాపుది రాత్రి పాళీ. అప్పుడే నిద్ర లేచి, పంపు దగ్గర వంగి మొహం కడుక్కుంటున్నాడు. నేను వెనక నిలబడి అరిచాను.

"నన్నెందుకు మాన్పిచ్చినవ్?"

బాపు మొహం మీద నీళ్లు కొట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న బాపూ! చెప్పకుంట సంతకం ఎందుకు పెట్టినవ్?"

తీరిగ్గా చెవుల వెనక సబ్బు రుద్దుకున్నాడు. వీధిలో ఆడవాళ్లు బయటికి వచ్చి చూస్తున్నారు. మూడోసారి అరిచాను, గొంతు చీలిపోయేలా. ఆ మనిషి లుంగీ సర్దుకుని ఇంకో చెంబు నీళ్లు పట్టుకున్నాడు. నా బతుకు పాడుచేసి ఇంత నెమ్మదిగా మొహం కడుక్కుంటాడా అని నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడున్న బక్కెట్టును కాలితో తన్నబోయాను.

అమ్మ పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టుకుంది. వీధివాళ్లకు వినబడకుండా, పెదవులు మాత్రమే కదిపి చెప్పింది. "ముంగట నిలబడి అడుగు. బాపుకు వినవడది."

"ఏంది?" అన్నాను నేను, పైకే.

"నువ్వు రెండో తరగతిల ఉన్నప్పటి సంది వినవడ్తలేదు. ఎవ్వలకు చెప్పకు."

అప్పుడు నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. బాపు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఇటు తిరిగి, మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వాడు. "గప్పుడే అచ్చినవా? సార్లు ఏమన్నరు?" అన్నాడు.

లోపలికి పోయి, బాపుకు ఎదురుగా కూర్చుని, పెదవులతో మొత్తం చెప్పాను. బాపు మొహం చూస్తుండగానే పాలిపోయింది. ఆ రోజు కిటికీ దగ్గర ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. గుమాస్తా తల వంచుకునే మాట్లాడాడు. నోట్లో మావా, పైన మీసాలు, వచ్చేది గుజరాతీ. ఖాతాలో పక్కవాళ్ల తెలుగు, హిందీ అయితే బాపు పెదవుల మీద ఇట్టే చదివేస్తాడు. ఆ మీసాల కింద ఏమీ కనబడలేదు.

"ఏమో అడిగిండు. తలకాయ ఊపిన."

"ఎన్నిసార్లు ఊపినవ్?"

"అడిగినన్ని సార్లు."

గుమాస్తా అడిగింది ఏమిటో తర్వాత తెలిసింది. తెలుగు బడి పిల్లలు ఇక్కడ నెగ్గుకు రాలేరు, మీరు నడుమ ఊరెళ్లిపోతారు, సీటు వదిలేస్తారా, ఇంకొకరికి ఇచ్చేయమంటారా అని. బాపు అన్నిటికీ వినయంగా తల ఊపి, కాగితం చూపిస్తే సంతకం పెట్టి, పని అయిందన్న సంతోషంతో లోచో కొన్నాడు. పై మనిషి ఏం చెప్పినా ముందు తల ఊపడం, తర్వాత పక్కవాడి పెదవులు చూసి ఏం చెప్పాడో తెలుసుకోవడం. ఖాతాలో ఇన్నేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు. బడి కిటికీ దగ్గర మాత్రం పక్కన జోడీదారు లేడు.

ఎందుకు దాచావని అడిగాను. ఖాతాలో ముకద్దం అని ఒక పెద్దమనిషి ఉండేవాడు, పనివాళ్ల మీద అజమాయిషీ ఆయనదే. పోగు తెగితే సాంచా చప్పుడు మారుతుంది, అది విని ఆపకపోతే బట్ట పాడవుతుంది. వినబడని మనిషిని సాంచాల మీద ఉంచరు, తాకాలు, అంటే నేసిన బట్ట చుట్టలు, మోసే పనికి తోసేస్తారు. బాపు చెప్పులు విప్పేసి, నేల అదురును అరికాళ్లతో పట్టుకుని, సాంచా చట్రం మీద అరచేయి ఆనించి నడిపేవాడు. పోగు తెగితే అరచేతికి తెలుస్తుందట. తన బట్టలో ఒక్క తప్పు కూడా రాలేదని నాకు గర్వంగా చెప్పాడు.

అరచేయి అనగానే నా చూపు స్పీకరు డబ్బా మీదికి పోయింది. ఇన్నేళ్లు మా బాపు కొట్లాటలంటే పడిచచ్చే మనిషి అనుకున్నాను. లోపల పులిని దాచుకుని సేఠ్ ముందు తలొంచుకుంటున్నాడని, ఏదో ఒకరోజు ఆ పులి బయటికొస్తుందని స్నేహితురాళ్లకు గొప్పలు చెప్పాను. పులీ లేదు, గిలీ లేదు. సినిమా మొత్తంలో ఆయనకు చేరేవి గుద్దులు ఒక్కటే. రెండో భాగం ఎందుకంటే అందులో మాటలు వినక్కర్లేదు. ఎవడో వాడి జోలికి పోతాడు, వాడు లేస్తాడు. ఆ ఒక్కటీ తెలిస్తే చెవుల్లేకపోయినా చూడొచ్చు. మిగతా కథ బాపు తనే అల్లుకునేవాడు. నేను దాన్ని తప్పుపట్టబోయానని గుర్తొచ్చి చాలా సిగ్గేసింది.

"రేపు నేను మాట్లాడ్త. నువ్వు ఊకె పక్కన నిలవడు," అన్నాను.

"వద్దు. చెడగొట్టింది నేను. నేనే పోత," అన్నాడు బాపు.

మర్నాడు పొద్దున పాళీ దిగి వచ్చి, నిద్రపోకుండా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను పక్కన. నిజం దాచను, నా లోపల ఇంకా సినిమా ఆడుతూనే ఉంది. బాపు నెమ్మదిగా గేటు దాటి నడుస్తుంటే, మొదటిసారి ఓడి పోయిన చోటికి ఆ మనిషి తిరిగొచ్చాడు, ఇప్పుడు ఆ కిటికీ చువ్వలు వంగుతాయి అనుకున్నాను. కిటికీ ముందు పెద్ద వరస ఉంది. అందులో మాకంటే రెండు చోట్ల ముందు, తన కూతురి కాగితాలు పట్టుకుని ముకద్దం నిలబడి ఉన్నాడు.

బాపు ఆయన్ని చూశాడు. నా చేయి పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. ఇక అయిపోయింది, మళ్లీ తల ఊపి తిరిగొచ్చేస్తాడు అనుకున్నాను. నేనే ముందుకు దూరి మాట్లాడేద్దామని చూశాను. బాపు నన్ను వెనక్కి లాగాడు.

మా వంతు వచ్చింది. గుమాస్తా కాగితం అందుకుని, తల వంచుకుని, మావా నమలుతూ ఏదో మొదలుపెట్టాడు. బాపు కిటికీ లోపలికి చేయి పెట్టి ఆ కాగితం మీద అరచేయి ఆనించాడు. గుమాస్తా ఉలిక్కిపడి చూశాడు.

"సాబ్, ముఝే సునాయీ నహీ దేతా. ముహ్ ఉఠాకే బోలో."

నాకు వినబడదు, మొహం ఎత్తి మాట్లాడండి అని. వినబడని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. ఆ మాట వరస చివరిదాకా పోయింది, వరండాలో పిల్లలు తిరిగి చూశారు, లోపల గదిలోంచి పెద్ద టీచరు బయటికొచ్చింది. అప్పటికే కాగితాలిచ్చి పక్కకు జరిగిన ముకద్దం కదలకుండా నిలబడి బాపు నోటివైపే చూశాడు. ఇన్నేళ్లు అమ్మ, బాపు గుట్టుగా కాపాడుకున్న సంగతి ఒక్క నిమిషంలో బజారున పడింది. నా తొమ్మిదో తరగతి కోసం బాపు దాన్ని తన చేత్తోనే పడేశాడు.

గుమాస్తా లేచి నిలబడ్డాడు. బయటికెళ్లి మావా ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చాడు. మీసాలు చేత్తో పైకి దువ్వుకుని, బాపు మొహంలోకి చూస్తూ హిందీలో ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఇప్పటికీ అదే అంటాను. పెద్ద టీచరు కాగితం చూసింది, నన్ను చూసింది, నాచేత హిందీ పుస్తకం ఒక పేజీ చదివించింది. పొద్దుటి పాళీలో సీటు పోయింది, మధ్యాహ్నం పాళీలో చేర్చుకుంటానంది. బాపు ఈసారి తల ఊపలేదు. నావైపు తిరిగి, ఏమన్నదో పెదవులతో నా నోట మళ్లీ చెప్పించుకుని, అప్పుడు సంతకం పెట్టాడు. ఒక్క కుర్చీ కూడా విరగలేదు. పదమూడేళ్ల పిల్లకు అందులో కొంచెం నిరాశ ఉండిందని ఒప్పుకుంటాను.

ఆ సాయంత్రం బాపు పాళీకి బయలుదేరుతుండగా ముకద్దం మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన మా ఇంటికి అంతకుముందెప్పుడూ రాలేదు. అమ్మ చేతిలో రొట్టెల పీట అలాగే ఉండిపోయింది. రేపటినుంచి తాకాలు మొయ్యమని చెప్పడానికే వచ్చాడని ముగ్గురం అనుకున్నాం. ఆయన వెనక్కి చూసి, వీధిలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

"నాగ్గూడ గంతే. ఎవ్వలకు చెప్పకు."

చెప్పేసి, గొంతు సవరించుకుని, "పాళీకి టైమయితుంది, నడువ్," అని పైకి గద్దించి వెళ్లిపోయాడు. అమ్మ పీట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. బాపు ఆ తర్వాత ఆ ముకద్దం కిందే చాలా ఏళ్లు సాంచాలు నడిపాడు, ఖాతా జోల్వాకు మారినప్పుడు ఆయనతోపాటే మారాడు.

వచ్చిన సెలవు రోజు ఎప్పటిలాగే డీవీడీ దుకాణానికి పోయాం. దుకాణంవాడు అలవాటుగా మూడో భాగం తీసి ముందు పెట్టాడు. బాపు దాన్ని పక్కకు నెట్టాడు.

"ఒకటోది ఇయ్యి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, కొంచెం మొహమాటంగా, "గా ఫొటోల ఉన్న పోరడు తమ్ముడేనా? ఎట్ల సచ్చిండో చూడాలె," అన్నాడు.

ఆ రోజు బాపు స్పీకరు దగ్గర కూర్చోలేదు. చాప మీద, తెరకు సూటిగా కూర్చున్నాడు. నేను బాపుకూ టీవీకీ నడుమ, కొంచెం పక్కకు జరిగి, టీవీకి వీపు పెట్టి కూర్చున్నాను. వెనకనుంచి మాట రాగానే దాన్ని తెలుగు చేసి పెదవుల మీదికి తెచ్చేదాన్ని. పెండ్లాం మాట, తల్లి మాట, తమ్ముడి మాట. బాపు నా నోరు చూసేవాడు, తెర చూసేవాడు, మళ్లీ నా నోరు. తమ్ముడు చచ్చిపోయేముందు అన్నతో ఏమన్నాడో చెప్పినప్పుడు బాపు చాలాసేపు తెర వైపు చూడలేదు. "గిన్ని మాటలున్నయా దీంట్ల," అన్నాడు.

ఇప్పుడు బాపు ఇంట్లోనే ఉంటున్నాడు. నేను కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే మళ్లీ ఖాతాలో నిలబడ్డట్టే ఉందని దాన్ని తీసి బీరువాలో పెట్టాడు. డీవీడీల పెట్టె మంచం కింద ఉంది, సినిమాలన్నీ ఫోన్లోకి వచ్చేశాయి. ఆదివారం ఫోన్‌ను ఆ పాత స్పీకరు డబ్బాకు ఆనించి నిలబెట్టి, దానికి వీపు పెట్టి బాపుకు ఎదురుగా నేను కూర్చుంటాను. మార్కెట్లో వాళ్లు ఫలానా మొదటి భాగంలో ఫలానా సీను చూశావా అని అడుగుతుంటారు. చూడలేదనే చెబుతాను. అలాంటివి ఎన్నో మొదటి భాగాలు నాకు మాట మాటా నోటికొచ్చు, ఒక్కటీ చూసింది లేదు. ఆ సీనులో బాపు మొహం ఎలా ఉండిందో అడిగితే మాత్రం చెప్పగలను.